బీరువాకీ ట్యాబ్‌కీ మధ్య ఒక ప్రింటరు

పోయిన నెల మా బడికి ఒక కాగితం వచ్చింది. లైబ్రరీ డబ్బులో అచ్చు పుస్తకాలకెంత, డిజిటల్‌కెంత కావాలో రాసి పంపమని. కింద రెండే గళ్లు. లైబ్రరీ చూసుకునేది నేను కాబట్టి హెడ్మాస్టారు దాన్ని నా చేతికిచ్చి, "సగం సగం రాసి పడేయండమ్మా, గొడవ వదిలిపోద్ది" అన్నారు.

నాకు చెయ్యి రాలేదు. పదకొండేళ్లుగా ఆ గది తాళాలు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటున్నాయి. ఏ పుస్తకానికి వెన్ను ఊడిందో, ఏ ట్యాబ్ ఛార్జింగ్ ఎక్కడం మానేసిందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఇన్నేళ్లూ నేను పడ్డ అవస్థ ఆ రెండు గళ్లలో పట్టేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అది ఆంధ్ర. మా ఫోన్లకు కూడా ఏ రాష్ట్రం టవర్ పట్టుకోవాలో తెలీదు. వరండాలో ఒకటి, మామిడిచెట్టు కింద ఇంకొకటి. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగూ ఒడియా కలగలిపి, ఏ ఆఫీసుకెళ్లినా ఒడియా. కొండ మీది ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర పిల్లలకు ఈ రెండూ పరాయివే. తెలుగు చదవడం, రాయడం వారానికి కొన్ని పీరియడ్ల ముచ్చట. అవి దాటితే తెలుగు అక్షరం కంటబడే చోటు మా లైబ్రరీ గది ఒక్కటే. సినిమా పోస్టర్లున్నాయనుకోండి, అది వేరే సంగతి.

ఇలాంటి చోటికి తెలుగు పుస్తకం రావడమే పెద్ద పని. పైనుంచి వచ్చే జాబితాల్లో ఒడియా, ఇంగ్లీషు పుస్తకాలుంటాయి. వాటిలో మంచివి చాలానే ఉంటాయి, కాదనను. తెలుగువి కావాలంటే మనమే వెళ్లి తెచ్చుకోవాలి. శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లి, కొట్లో నించుని ఏరుకుని, అట్టపెట్టె బస్సు డిక్కీలో వేయించుకుని తెస్తే, పక్క రాష్ట్రం బిల్లు చెల్లదని ఒకాయన కొర్రీ వేశాడు. ఆ బిల్లు ఏడు నెలలు తిరిగింది. ఆ ఏడు నెలలూ పుస్తకాల డబ్బు నా జీతంలోంచి పోయినట్టే లెక్క. మళ్లీ ఏడాది వెళ్లాలంటే నాకే బుద్ధి పుట్టలేదు.

డబ్బు కూడా ఎంతని? సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడికి లైబ్రరీ గ్రాంటు బడి స్థాయిని బట్టి ఏడాదికి 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా ఉంటుంది. ఆ డబ్బుతో ఓ మాదిరి ట్యాబ్ కొంటే ఒకటో రెండో వస్తాయి. బొమ్మల పుస్తకాలు కొంటే ఒక అర నిండుతుంది. సగం సగం చేస్తే ఒక ట్యాబూ, సగం అరా.

మా అచ్చు పుస్తకాల కథ చెప్పాలంటే 2018 అక్టోబరు 11 గురించి చెప్పాలి. ఆ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటి మా జిల్లా మీద పడింది. మా లైబ్రరీ గదికి అప్పట్లో రేకుల కప్పు. రెండు రేకులు ఎగిరి హాస్టలు వెనక పడ్డాయి. తలుపు తీసేసరికి కింది అరలు నీళ్లలో ఉన్నాయి. రెండు కంప్యూటర్లుండేవి, అవి బల్ల మీదే ఉన్నా పైనుంచి తడిశాయి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు.

వరండా స్తంభాలకు ఈ చివర నుంచి ఆ చివరకు తాళ్లు కట్టి, పుస్తకాలు నడిమికి తెరిచి బట్టల్లా ఆరేశాం. అప్పుడు తెలిసొచ్చింది ఒక సంగతి. ఖరీదు పెట్టి కొన్న రంగుల పుస్తకాలు, నున్నటి ఆర్ట్ పేపరువి, పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఇటుకల్లా అయ్యాయి. విడదీయబోతే బొమ్మ సగం ఈ పేజీకి, సగం ఆ పేజీకి. చవక కాగితం మీద అచ్చేసిన పాత పుస్తకాలు మాత్రం అప్పడాల్లా ఉబ్బి, ఎండకు మళ్లీ మామూలయ్యాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ ఇస్తున్నాను. మూడో వంతు లావెక్కి ఉంటాయి, అంతే.

ఆ రోజు నిజంగా పోయింది మాత్రం వేరే. మాకంటే ముందు పనిచేసిన ఒక తెలుగు మాస్టారు ఈ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పొడుపు కథలు, సామెతలు, ఊడ్పుల పాటలు ఒక పొడుగాటి నోటు పుస్తకంలో సిరాతో రాసి పెట్టారు. రిటైరవుతూ లైబ్రరీకి ఇచ్చి వెళ్లారు. సిరా అంతా నీళ్లలో కలిసి పేజీలు నీలంగా మారిపోయాయి. దానికి రెండో ప్రతి లేదు. నా ఫోన్‌లో కెమెరా అప్పటికి నాలుగేళ్లుగా ఉంది. ఒక ఆదివారం కూర్చుని ఫొటోలు తీసి ఉంటే సరిపోయేది. తీయలేదు. డిజిటల్ అంటే ఎవరో పైనుంచి ఇచ్చే సరుకని అనుకునేదాన్ని, మన దగ్గరున్నది మనమే పైకి ఎక్కించుకోవాలన్న ఆలోచనే రాలేదు. ఈ వ్యాసంలో నేనెవరిని తప్పు పట్టినా, నా పేరు ముందు రాసుకోవాలి.

ఆ తర్వాత కాలం మారింది. 2021 నుంచి ఒడిశాలో 5టి అనే అప్పటి రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం కింద హైస్కూళ్లకు స్మార్ట్ క్లాసులు, ఈ-లైబ్రరీలు వచ్చాయి. గదులకు రంగులు పడ్డాయి, గోడలకు బొమ్మలు వచ్చాయి. మాకు ఒక దాత ఎనిమిది ట్యాబ్‌లు కూడా ఇచ్చారు. మా సైన్సు సార్, నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్న, ఎగిరి గంతేశారు. "ఇంక మీ బీరువా మ్యూజియమే మేడమ్" అన్నారు. నేను నవ్వేశాను గానీ లోపల గుచ్చుకుంది.

ట్యాబ్‌ల పీరియడ్‌లో ఒక వారం వెనకాల కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏడో తరగతి పిల్లాడొకడు తెలుగు కథ తెరిచాడు. మూడు పేజీలు బుద్ధిగా చదివాడు. ఒక మాట అర్థం కాలేదు. వెతుకుదామని గడిలో వేలు పెట్టాడు. కీబోర్డు ఇంగ్లీషు. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. దానికి ఒక వీడియో వచ్చింది. ఆ వీడియో కింద ఇంకోటి. పీరియడ్ గంట కొట్టేసరికి ఏదో హిందీ డాన్సు చూస్తున్నాడు. వాడిది తప్పనను. మా సరిహద్దు పిల్లాడి తెలుగు అసలే చిన్న కాలిబాట, ఆ తెరేమో నేషనల్ హైవే. కాలిబాట మీద నడుస్తున్నవాడిని హైవే పక్కన వదిలేస్తే ఎటు పోతాడు?

ఇదే సైన్సు సార్‌తో అంటే, "మీది అనుమానం మేడమ్, ఆధారం కావాలి" అన్నారు. ఆయనే వెతికి తెచ్చారు, మంచి మనిషి. స్పెయిన్‌లోని వాలెన్సియాకు చెందిన పరిశోధకులు, ఇంకొందరు కలిసి 2018లో వేసిన విశ్లేషణ అది. 2000 నుంచి 2017 దాకా జరిగిన 54 అధ్యయనాలు, లక్షా డెబ్బై వేల మందికి పైగా పాఠకులు. ఒకే పాఠాన్ని కాగితం మీద చదివినవాళ్లకు తెర మీద చదివినవాళ్లకంటే బాగా అర్థమైందని తేలింది. టైము పెట్టి చదివించినప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది. పైగా పిల్లలకు తెరలు అలవాటయ్యే కొద్దీ తేడా తగ్గాలి కదా, తగ్గకపోగా ఏళ్లు గడిచే కొద్దీ పెరుగుతూ వచ్చింది.

నేను గెలిచాననుకుని టీ చెప్పాను. టీ వచ్చేలోపు ఆయన ఇంకో పేరా చదివించారు. ఆ తేడా అంతా సమాచారం ఉన్న పాఠాల్లోనేనట. కథల్లో తేడా కనబడలేదట. నేనేమో పదకొండేళ్లుగా కథలు అచ్చులో, సమాచారం తెర మీద అని వాదిస్తున్నాను! టీ డబ్బులు నేనే ఇచ్చాను.

అప్పటి నుంచి నా వాదన కొంచెం సర్దుకోవాల్సి వచ్చింది. కథ అర్థం కావడం వరకే అయితే తెర మీద చదివినా నష్టం లేదు. మా బడిలో చిక్కు అర్థం కాకపోవడం దగ్గర లేదు, తెలుగులో నిలబడకపోవడం దగ్గర ఉంది. పుస్తకంలో తెలుగు కథ అయిపోతే పక్క పేజీలో ఇంకో తెలుగు కథే ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది, దాని సంగతి తర్వాత.

ట్యాబ్ గెలిచిన చోట్లు కూడా చెప్పకపోతే అన్యాయం. ఎనిమిదో తరగతిలో చూపు బాగా తక్కువున్న పాప ఒకతి ఉంది. పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదివేది, పక్క పిల్లలు నవ్వుతారని అదీ మానేసింది. ట్యాబ్ ఇచ్చి రెండు వేళ్లతో అక్షరాన్ని లాగడం చూపించాను. 'అ' అనే అక్షరం బొట్టు బిళ్లంత అయింది, తర్వాత రూపాయి బిళ్లంత. "ఇలగుంటాదేటి టీచరమ్మా!" అంది. ఎనిమిదేళ్లు బడికి వచ్చిన పిల్ల ఆ మాట అంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ ట్యాబ్ ఆ పిల్లదే అని రిజిస్టర్లో రాసేశాను. ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకుందాం.

నిఘంటువుల దగ్గర కూడా బీరువా ఓడిపోయింది. శబ్దరత్నాకరం 1885 నాటిది, బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది. రెండూ కొనాలన్నా మా గ్రాంటులో ఎక్కడ సరిపోతుంది? ఆంధ్రభారతి సైటులో ఒక మాట కొడితే ఇలాంటివన్నీ ఒకే తెర మీద వరసగా వస్తాయి. పిల్లలకంటే నాకే ఎక్కువ పనికొచ్చిందేమో.

గిడుగు రామమూర్తి గారి సంగతైతే సిగ్గుచేటు. ఆయన పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడి రాజావారి బడిలో. వాడుక తెలుగు కోసం పోట్లాడింది ఇక్కడ ఉండే. సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిందీ ఇక్కడి సవరలతో కూర్చునే. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం. ఆ దండ వేసే గదిలో ఆయన పుస్తకం ఒక్కటి లేదు. కొందామంటే దొరకలేదు. ఆయన పాత పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కనిపించాయి. ఆయన ఊళ్లో లేని ఆయన పుస్తకం ఎక్కడో అమెరికా సర్వర్‌లో ఉందన్నమాట.

అయితే డిజిటల్‌లో ఉంది కదా అని తెలుగు పుస్తకం చేతికి వచ్చినట్టు కాదు. ఆ స్కాన్లు పేజీకి తీసిన ఫొటోలు. అందులో ఒక మాట వెతకాలంటే కళ్లే గతి. యంత్రంతో చదివిస్తే ఒత్తుల దగ్గర తడబడుతుంది. కొత్త పుస్తకాలదీ అదే గొడవ. ఏ కంప్యూటర్లో తెరిచినా అక్షరాలు అవే కనబడేలా చేసే ఉమ్మడి పద్ధతి యూనికోడ్. తెలుగుకు అందులో 1991 నుంచే చోటుంది. మన డీటీపీ సెంటర్లు మాత్రం ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ పద్ధతిలో లేని 'అను' ఫాంట్లలోనే పుస్తకాలు తయారుచేశాయి. నాకు తెలిసిన ప్రెస్సాయన ఒకరు ప్రేమగా పిల్లల కథల ఫైలు పంపారు. తెరిస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అది తెలుగే కాదు.

ఇప్పుడు ఇందాక ఆపిన పెద్ద చిక్కు. తాళం.

బడి లైబ్రరీ చూసే ఎవరినైనా అడగండి, స్టాక్ వెరిఫికేషన్ అనగానే కడుపులో ఎలా ఉంటుందో. పుస్తకం పోతే ఇన్‌ఛార్జి జీతంలోంచి రికవరీ అన్న భయం. అందుకని ఏం చేస్తాం? ఇవ్వం. కలరా ఉండలు వేసి, బీరువా తాళం వేసి, ప్రతి పుస్తకానికీ నంబరు వేసి రాసే యాక్సెషన్ రిజిస్టరు పక్కాగా ఉంచుకుంటాం. నేనూ మొదటి మూడేళ్లు అదే చేశాను. నా లైబ్రరీలో ఒక్క పుస్తకం పోలేదని మెచ్చుకున్నారు కూడా. పోవాలంటే ముందు ఎవరో ఒకరు చదవడానికి తీసుకెళ్లాలి కదా. పుస్తకాలున్నది వాడుకోవడానికే అని గ్రంథాలయ శాస్త్రానికి పెద్ద దిక్కైన రంగనాథన్ గారు 1931లోనే తన ఐదు సూత్రాల్లో మొదటిదిగా రాశారు. అది మా ట్రైనింగులో కంఠస్థం చేశాం, పరీక్షలో రాశాం, వచ్చి తాళం వేశాం.

ట్యాబ్ వచ్చాక ఆ భయం పదింతలైంది. రెండొందల పుస్తకాన్నే ఇంటికి ఇవ్వనివాళ్లం పది వేల ట్యాబ్ ఇస్తామా? అది పీరియడ్‌లో చేతికి వస్తుంది, గంట కొట్టగానే బీరువాలోకి పోతుంది. పుస్తకాల బీరువాకి ఒక తాళమే, దీనికి తాళమూ పాస్‌వర్డూ. అచ్చా డిజిటలా అని మనం పోట్లాడుకుంటూ ఉంటే పిల్లాడు మాత్రం సాయంత్రం వట్టి చేతుల్తోనే ఇంటికెళ్తున్నాడు.

దీనికి దారి నాకు అనుకోకుండా దొరికింది. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అని ఒక వెబ్‌సైటు మొదలుపెట్టారు. పిల్లల బొమ్మల కథలు, ఎన్నో భాషల్లో. అందులో కథల్ని డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, మన భాషలోకి మార్చుకోవచ్చు. రాసినవాళ్ల పేరు, బొమ్మలు వేసినవాళ్ల పేరు తీసేయకుండా ఉంటే చాలు. కరెంటు పోయిన ఒక రోజు ట్యాబ్‌లన్నీ చచ్చి ఉన్నాయి. మర్నాడు ఆఫీసులోని ప్రింటరు అడుక్కుని, ఒక ఏనుగు కథను కాగితం మీదకు దించాను.

నాలుగు ఏ4 కాగితాలు, రెండు వైపులా, మడిస్తే పదహారు పేజీలు. ఇందులో కిటుకేమిటంటే పదహారో పేజీ, ఒకటో పేజీ ఒకే కాగితం మీద పడాలి. అది సైన్సు సార్ సరిచేశారు. ఇంకో కిటుకు మా ఇద్దరికీ తెలీలేదు. కాగితం పొట్టి అంచు వైపు తిరగేయమని ప్రింటరుకి చెప్పాలి. చెప్పకపోతే రెండో వైపు తలకిందులుగా వస్తుంది. మొదటి ఇరవై ప్రతుల్లో ఏనుగు ఒక పేజీలో నడుస్తుంది, తిప్పితే కాళ్లు పైకి పెట్టి ఉంటుంది. పారేద్దామనుకున్నాను. ఆరో తరగతి వాళ్లు లాక్కుపోయారు. పుస్తకాన్ని గిర్రున తిప్పుకుంటూ చదవడం వాళ్లకు మహా సరదా అయిపోయింది. ఒక గుంటడు వచ్చి, "టీచరమ్మా, ఇది ఇంటికి అట్టుకెళ్లొచ్చా?" అన్నాడు.

నా నోట్లోంచి "తీసుకుపో" అన్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! కాగితం, ఇంకు కలిపి ఏడెనిమిది రూపాయలు. రిజిస్టర్లో నంబరు లేదు. పోతే ఇంకోటి కొడతాను. చెల్లెలు చింపినా, మేక నమిలినా నన్ను అడిగేవాళ్లు లేరు. పదకొండేళ్లలో భయం లేకుండా ఇచ్చిన మొదటి పుస్తకం అదే.

నా చిన్నప్పుడు మా ఇంటికి చందమామ వచ్చేది. ఎదురింటి ఒడియా వాళ్లకు అదే పత్రిక జహ్నమామూ పేరుతో వచ్చేది. అవే బొమ్మలు, అవే రాజులు, లిపి మాత్రం వేరు. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఈ బొమ్మ కింద ఇక్కడ 'రాజు' అని ఉంటే అక్కడున్నదీ 'రాజు'యే అయి ఉండాలి కదా అని లెక్క కట్టుకుంటూ నేను ఒడియా అక్షరాలు పట్టేశాను. ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు అదే పద్ధతిలో ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఒడియా వచ్చేలా కొన్ని కథలు అమర్చి కొడుతున్నాం. బజార్లో ఇలాంటి పుస్తకం దొరకదు. తెలుగు ప్రచురణకర్తకు ఒడియా అక్కర్లేదు, ఒడియా ఆయనకు తెలుగు అక్కర్లేదు. ఆ రెండూ కావలసింది ఈ సరిహద్దు మీద ఉన్న మాకే.

సవర పిల్లలకైతే ఇది ఇంకా అవసరం. 1936 మా ప్రాంతానికి చిత్రమైన ఏడాది. ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చింది, గిడుగు వారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు, అదే ఏడు మంగేయి గమాంగో సవరకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశారు. ఆ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అయితే సవరను కొందరు ఆ లిపిలో రాస్తారు, కొందరు ఒడియాలో, చర్చికి వెళ్లే కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఆంధ్ర వైపు చుట్టాలు తెలుగులో. ఏ ప్రెస్సు ఒక కథను నాలుగు లిపుల్లో ఐదేసి ప్రతులు వేస్తుంది చెప్పండి? మా ప్రింటరు వేస్తుంది. హాస్టల్లో ఉండే ఒక పిల్ల వాళ్ల అవ్వ చెప్పిన కథను సెలవుల్లో ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చింది. ఇప్పుడు దాన్ని రాస్తున్నాం, ఒడియా లిపిలో ఒకటి, తెలుగు లిపిలో ఒకటి. సొంపెంగ్ అక్షరాలు తెలిసిన వాళ్ల మావయ్య సంతకి వచ్చినప్పుడు మూడోది రాయించాలి. ఈసారి ఫొటోలు ముందే తీసి మూడు చోట్ల పెట్టాను.

కొనే పుస్తకాలు మానేయమని నేననడం లేదు. గట్టి అట్ట, మంచి బైండింగు ఉన్న పుస్తకం చేతిలో పట్టుకునే సుఖం మేం మడిచి పిన్ను కొట్టే పుస్తకాలకు లేదు, రెండు నెలలకే పిన్నుల దగ్గర ఊడొస్తాయి. పాఠాలకు సంబంధించినవి, మెల్లగా చదవాల్సినవి కాగితం మీదే ఉండాలని ఆ విశ్లేషణ చూశాక ఇంకా గట్టిగా నమ్ముతున్నాను. ట్యాబ్‌లు కూడా ఉండాలి, చూపు తక్కువున్న పిల్లకు, నిఘంటువుకు, ఆ గిడుగు వారి స్కాన్లకు. ఎనిమిది అక్కర్లేదు, మూడు చాలు. కానీ వచ్చే ఏడాది డబ్బు నా చేతికిస్తే మొదట కొనేది ఇంకు ట్యాంకు ప్రింటరు.

అందుకని ఆ కాగితంలో రెండు గళ్లూ ఖాళీగా వదిలేసి కింద చేత్తో రాశాను: ప్రింటరు ఒకటి, కాగితం పది కట్టలు, పొడుగు చెయ్యి స్టాప్లర్ ఒకటి. మామూలు స్టాప్లర్ మడత దాకా అందదు. హెడ్మాస్టారు చూసి తల గోక్కున్నారు గానీ సంతకం పెట్టారు.

మొన్న శుక్రవారం ఆఫీసు నుంచి ఫోను. గుమస్తా గారు మర్యాదగానే మాట్లాడారు. "మేడమ్, ప్రింటరు పుస్తకం కాదు గదా, అచ్చు గడిలో వేయలేను. కాగితం కట్టలేమో డిజిటల్ కాదు, ఆ గడిలోనూ పట్టదు. స్టాప్లర్ అసలు దేనికో నాకు తెలీలేదు. ఏ హెడ్డు కింద రాయమంటారు?"

సోమవారం చెప్తానన్నాను. ఇవాళ ఆదివారం.